పాత షెవర్లేకు కొత్త బలం: ముందు ఏది, తర్వాత ఏది?

పశువుల కొట్టంలోనో, ధాన్యపు కొట్టు పక్కనో గోనెపట్టాలు కప్పుకుని ఏళ్ల తరబడి నిలిచిపోయిన పాత మోటారు కార్లను జిల్లాలో అక్కడక్కడ మళ్లీ బయటకు లాగుతున్నారు. తాతలు కొన్న బండిని మనుమలు పెళ్లి ఊరేగింపులకు సిద్ధం చేయిస్తున్నారు. రంగు వేయించడం, సీట్లు కుట్టించడం డబ్బుతో అయ్యే పని. చిక్కంతా ఇంజను దగ్గరే వస్తున్నది. ఉన్న ఇంజనునే బాగు చేయించాలా, దానికి ఇంకాస్త బలం ఎక్కించాలా, ఎక్కించదలిస్తే ముందు ఏ భాగం మార్చాలి అన్న విషయంలో తండ్రికీ కొడుక్కీ, కొడుక్కీ మేస్త్రీకీ పొత్తు కుదరడం లేదు. తొందరపడి మార్చిన ఒక్క భాగం మొత్తం ఇంజనును పాతసామాన్ల కొట్టుకు పంపించగలదు. అందుకే ఈ తగాదాను పిల్లల సరదా అని తీసిపారేయడానికి వీలు లేదు.

అలాంటి కార్లలో మన పెద్దలకు బాగా తెలిసింది షెవర్లే. పల్లెల్లో దీన్ని ‘చెవర్లెట్టు’ అనే వారు. బానెట్టు కింద ఆరు సిలిండర్లు వరసగా నిలబడి వుంటాయి.

నాలుగు ధరకే ఆరు

అమెరికాలోని జనరల్ మోటార్స్ కంపెనీ 1928లో బొంబాయి శివరీలో కార్లు, లారీలు బిగించే కర్మాగారం తెరిచింది. 1954 దాకా అది నడిచింది. ఆ మరుసటి ఏడు, అంటే 1929 మోడలుతో, షెవర్లేకు ఆరు సిలిండర్ల ఇంజను వచ్చింది. నాలుగు సిలిండర్ల బండి ధరకే ఆరు సిలిండర్ల బండి ఇస్తామని కంపెనీ చాటింపు వేసుకున్నది. దాని కొలత 194 క్యూబిక్ అంగుళాలు. వాల్వులు పైన హెడ్డులో వుండడం ఆ రోజుల్లో చౌక బండికి పెద్ద విశేషం. పొయ్యిలకు వాడే బోల్టుల్లాంటివే దీనికీ వుండేవి కాబట్టి అమెరికా వాళ్లు ఈ ఇంజనుకు ‘పొయ్యి బోల్టు’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. 1937లో దీన్ని కొత్తగా తీర్చి 216 క్యూబిక్ అంగుళాలు చేశారు. ఇక్కడి పాత కార్లలో కనిపించేది ఎక్కువగా ఇదే.

ఇదే జాతి ఇంజను లారీల్లోనూ బస్సుల్లోనూ తిరిగింది. రెండో ప్రపంచ యుద్ధం నాడు పెట్రోలు దొరకనప్పుడు బస్సుల వెనక బొగ్గు కుంపటి బిగించి, ఆ పొగతోనే ఇంజన్లు నడిపిన సంగతి ముసలివాళ్లు ఇప్పటికీ చెబుతారు. పెట్రోలుతో వచ్చే బలంలో చాలా భాగం పోయినా బండి మాత్రం ఊరు చేరేది.

దీని సత్తా ఎంతటిదో తెలియాలంటే దక్షిణ అమెరికా దాకా వెళ్లాలి. అర్జెంటీనాలో బాల్కార్సె అనే చిన్న ఊరివాడు, గ్యారేజీ మేస్త్రీ, హువాన్ మాన్యుయెల్ ఫాంజియో 1940లో ఈ ఆరు సిలిండర్ల షెవర్లేతోనే బ్యూనస్ ఎయిర్స్ నుంచి పెరూలోని లిమాకు పోయి తిరిగి వచ్చే పందెం గెలిచాడు. సుమారు 9,500 కిలోమీటర్లు. మట్టి రోడ్లు, ఆండీస్ కొండలు. ఆ ఏడూ, ఆ తర్వాతి ఏడూ ఆ దేశపు రోడ్డు పందాల విజేత ఆయనే. తర్వాత యూరపుకు పోయి అయిదుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు.

అయితే ఫాంజియో తన ఇంజను ప్రతి భాగాన్నీ తన చేతులతో విప్పి బిగించుకున్నవాడు. ఆ కథ విని ఇంటి కారుకు మూడు కార్బురేటర్లు తగిలిద్దామనుకునే కుర్రవాళ్లు ఈ సంగతి మరిచిపోతున్నారు.

గరిటెతో అందే ఆయిలు

ఈ 216 ఇంజనులో అసలు కీలకం ఆయిలు అందే పద్ధతి. మన పొలాల్లో నడిచిన పాత ఆయిలింజన్ల గురించి తెలిసిన రైతుకు ఇది చెప్పగానే అర్థమవుతుంది.

ఇప్పటి ఇంజన్లలో పంపు ఆయిలును ఒత్తిడితో క్రాంకు లోపలి రంధ్రాల గుండా ప్రతి బేరింగుకూ నెడుతుంది. 216లో క్రాంకును మోసే నాలుగు మెయిను బేరింగులకే అలా అందుతుంది. కనెక్టింగు రాడ్ల కింది బేరింగులకు అందదు. రాడ్డు అడుగున చిన్న గరిటె వంటిది వుంటుంది. రాడ్డు కిందికి దిగినప్పుడల్లా ఆ గరిటె తొట్టిలోని ఆయిలును తోడుకుంటుంది. ఇంజను గట్టిగా తిరిగేటప్పుడు, పక్కన వున్న సన్నని గొట్టాల నుంచి చిమ్మే ఆయిలు ధార సరిగ్గా ఆ గరిటెలో పడాలి. ధార గురి కాస్త తప్పినా, గొట్టంలో మడ్డి పేరుకున్నా ఆ రాడ్డుకు ఆయిలు లేనట్టే.

పైగా ఆ బేరింగులు విడిగా కొనుక్కుని మార్చే రకం కాదు. వైట్ మెటల్ కరగించి రాడ్డులోనే పోతపోసి, లేతు మీద చెక్కినవి. అరిగే కొద్దీ రాడ్డు మూత కింద వున్న పలచని షిమ్ములు ఒక్కొక్కటే తీసి బిగువు సరిచేయాలి. పిస్టన్లు పోతఇనుమువి, బరువు ఎక్కువ.

ఇంత చెప్పినా ఇది చెడ్డ ఇంజను కాదు. దాని వేగంలో దాన్ని నడిపితే తరాలు నడిచింది. ఆయిలు గేజీలో పద్నాలుగు పౌన్ల ఒత్తిడి చూపితే అది దానికి సరైనదే. ఈనాటి కార్లు చూసిన కళ్లకు అది తక్కువగా కనిపించి, ఒత్తిడి పెంచుదామని చిక్కటి ఆయిలు పోయిస్తున్నారు. చిక్కటి ఆయిలు గేజీని తృప్తిపరుస్తుందే గాని గరిటెలోకి చురుకుగా దిగదు. ఇంకొందరు ఏళ్ల తరబడి విప్పని ఇంజనులో కొత్తరకం మడ్డి కరిగించే ఆయిలు పోసి నడిపేస్తున్నారు. కరిగిన మడ్డి పోయి ఆ సన్నని గొట్టాల్లోనే చేరుతుంది. ముందు ఛాంబరు దించి, కడిగి, తర్వాతే మంచి ఆయిలు పోయాలి.

సంగం జాగర్లమూడి దాటాక వచ్చిన చప్పుడు

తెనాలి చుట్టుపక్కల పల్లెలో ఒక రైతు ఇంట 1951 మోడలు షెవర్లే వుంది. ఇప్పుడు ఎనభై దాటిన పెద్దాయనకు తండ్రి కొన్న బండి అది. చాలా ఏళ్లుగా కదలలేదు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మనుమడికి రానున్న మాఘమాసంలో పెళ్లి. ఆ కారులోనే పెళ్లికూతుర్ని ఇంటికి తీసుకురావాలని అతని కోరిక. కోరికతో ఆగక, రెండు కార్బురేటర్లు పెట్టే మానిఫోల్డు, రెండుగా చీలిన సైలెన్సరు గొట్టాలు అమెరికా నుంచి తెప్పించే ఏర్పాటులో పడ్డాడు.

“ఇప్పుడున్నది 92 హార్సు పవరే తాతయ్యా. వంద దాటిస్తే హైవే మీద సుఖంగా పోతుంది” అన్నది అతని వాదన.

పెద్దాయన వాదన వేరు. 1969లో భార్యను కాన్పుకు గుంటూరు తీసుకువెళుతూ ఆయన ఈ కారును తన జీవితంలో ఎన్నడూ తోలనంత జోరుగా తోలారు. సంగం జాగర్లమూడి దాటాక ఇంజను అడుగు నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. రెండో రాడ్డు బేరింగు కరిగింది. ఆపితే మళ్లీ కదలదేమోనన్న భయంతో ఎద్దుబండి నడకన గుంటూరు చేర్చారు. ఆ రాత్రి పుట్టిన బిడ్డే ఇప్పుడు పెళ్లికొడుకుకు తండ్రి.

“ఆ చప్పుడు మళ్లీ నా చెవిన పడకూడదురా. పవరు సంగతి తర్వాత” అన్నారాయన.

ఇద్దరి మధ్యా తీర్పు చెప్పవలసి వచ్చింది డెబ్బయ్యో పడిలో వున్న మేస్త్రీకి. చిన్నతనంలో లారీల షెడ్డులో రాడ్లకు వైట్ మెటల్ పోయడం చూసి నేర్చిన తరం మనిషి. ఆయన ఎవరి పక్షమూ వహించలేదు. “ముందు లోపల ఏముందో చూద్దాం బాబూ. రోగం తెలియకుండా టానిక్కు ఎందుకు?” అన్నాడు.

ఖర్చు లేని పరీక్ష

పాత ఇంజనుకు బలం పెంచాలనుకునే ప్రతివారూ మొదట చేయవలసింది కంప్రెషను పరీక్ష. ప్లగ్గులన్నీ తీసి, ఒక్కొక్క రంధ్రంలో గేజీ పెట్టి, సెల్ఫు తిప్పి చూస్తారు. ఎంత వచ్చింది అన్నదాని కన్నా ఆరూ సమానంగా వచ్చాయా లేదా అన్నదే ముఖ్యం. తక్కువ వచ్చిన దానిలో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ చూడాలి. అప్పుడు పెరిగితే లోపం రింగుల్లో వుంది. పెరగకపోతే వాల్వుల్లోనో, హెడ్డు గాస్కెట్టులోనో వుంది.

ఈ కారులో మూడు, నాలుగు సిలిండర్లు రెండూ బాగా తక్కువ చూపాయి. ఆయిలు పోసినా మారలేదు. పక్కపక్క రెండూ ఒకేలా పడిపోతే ఆ రెంటి నడుమ గాస్కెట్టు కాలిపోయిందని మేస్త్రీలు వెంటనే అనుమానిస్తారు. హెడ్డు విప్పితే అదే నిజమైంది. ఛాంబరు దించితే అడుగున నల్లని జిగురు మడ్డి నాలుగు వేళ్ల మందాన వుంది. ఆయిలు చిమ్మే గొట్టాలు రెండు పూడిపోయాయి. రెండు రాడ్లకు తీయడానికి ఒక్క షిమ్ము కూడా మిగల్లేదు.

అంటే ఆ బండి 92 హార్సు పవరుతో కాదు, అందులో ఎంతో పోగొట్టుకున్న తర్వాత మిగిలిన దానితో నడవవలసి వుండేది. పోయిన బలాన్ని తిరిగి తెచ్చుకోవడమే మొదటి బలం పెంపు. వాల్వులు రుబ్బించి, గాస్కెట్టు మార్చి, రేడియేటరు కడిగించి, కార్బురేటరు శుభ్రం చేసి, టైమింగు సరిచేస్తే చాలా కార్లలో యజమాని ఆశ్చర్యపడేంత తేడా కనిపిస్తుంది. ఈ ఇంజనుకు టైమింగు గుర్తు ఫ్లైవీలు మీద వుంటుంది. అందులో చిన్న ఉక్కు గుండు పొదిగి వుంటుంది. లైటు వెలుతురులో అది సూదికి ఎదురుగా కనబడాలి. అది తెలియని కుర్ర మెకానిక్కులు ముందువైపు పుల్లీ మీద గుర్తు కోసం వెతుకుతూ వుంటారు.

కంపెనీ నడిచిన దారి

కుర్రవాడి ప్రశ్నకు మేస్త్రీ మాటల కన్నా కంపెనీ చరిత్రే చక్కని జవాబు చెబుతున్నది.

షెవర్లే వారు లారీల కోసం 1941లోనే బోరు, స్ట్రోకు పెంచి 235 క్యూబిక్ అంగుళాల ఇంజను చేశారు. 1950లో గేరు మార్చనక్కరలేని పవర్‌గ్లయిడు కార్లలో దాన్ని 105 హార్సు పవరుతో పెట్టారు. కాని రాడ్లకు ఆయిలు మాత్రం ఇంకా గరిటెతోనే. 1953లో పవర్‌గ్లయిడు కార్లకు ఆ పద్ధతి మార్చారు. పంపు ఆయిలును ఒత్తిడితో రాడ్ల దాకా పంపేలా క్రాంకుకు రంధ్రాలు వేశారు. పోతపోసిన వైట్ మెటల్ బదులు మార్చుకునే పలక బేరింగులు పెట్టారు. పిస్టన్లు అల్యూమినియానికి మారాయి. అప్పుడు 115 హార్సు పవరు ఇచ్చారు. 1954 నుంచి అన్ని కార్లకూ అదే పద్ధతి.

అదే 1953లో కార్వెట్టు అనే రెండు సీట్ల పందెపు తరహా కారు విడుదల చేశారు. ఆ ఏడాది మొత్తం 300 బండ్లే తయారయ్యాయి. దాని ఇంజనుకు మూడు కార్బురేటర్లు, వాల్వులను ఇంకా పైకెత్తే క్యాంషాఫ్టు, ఎనిమిదికి పెంచిన కంప్రెషను, రెండు సైలెన్సర్లు ఇచ్చారు. కుర్రవాళ్లు ఈనాడు కోరుకునేవన్నీ ఒక్కచోట చేర్చినట్టే. ఇంత చేసినా వచ్చింది 150 హార్సు పవరు. అదీ ఒత్తిడి ఆయిలు ఏర్పాటు వున్న దిట్టమైన ఇంజను మీద. ఆయిలు దారి ముందు, కార్బురేటర్లు తర్వాత. తయారు చేసినవారే పాటించిన ఈ వరసను తలకిందులు చేయడం ఎంతవరకు తెలివైన పని?

రెండు కార్బురేటర్ల వల్ల అసలు లాభమే లేదని కాదు. ఈ హెడ్డులో ఆరు సిలిండర్లకు గాలి లోనికి పోయే దారులు మూడే. పొగ బయటికి వచ్చే దారులు నాలుగు. ఇరుకు ఇక్కడ వుంది. అమెరికాలో వేయిన్ అనే సంస్థ పన్నెండు దారుల హెడ్డు పోతపోసి అమ్మింది కూడా. ఫెంటన్ వారి చీలిక గొట్టాలకు ఇప్పటికీ పేరుంది. ఈ ఇంజను మండే వరస 1-5-3-6-2-4. ముందు మూడింటిలో ఒకటి, వెనక మూడింటిలో ఒకటి చొప్పున మార్చి మార్చి మండుతాయి. కనుక ముందు మూడింటికి ఒక గొట్టం, వెనక మూడింటికి ఒక గొట్టం వేస్తే పొగ అడ్డు లేకుండా సమంగా పోతుంది. ఆ చప్పుడు కూడా వినసొంపుగా వుంటుందని మేస్త్రీయే ఒప్పుకున్నాడు.

కాని ఈ లాభమంతా దొరికేది ఇంజను జోరుగా తిరిగినప్పుడే. 216కు పనికిరానిది సరిగ్గా ఆ జోరే. రెండు కార్బురేటర్లు ఒకదానితో ఒకటి సరిపోయేలా దిద్దడం మరో తలనొప్పి. ఊళ్లో కాలవగట్టున నలభై మీద నడిచే కారుకు వాటి వల్ల ఒరిగేది ఎక్కువ పెట్రోలు ఖర్చు మాత్రమే.

హెడ్డు చెక్కించి కంప్రెషను పెంచడం కూడా కొందరు చెబుతారు. 216 కంప్రెషను ఆరున్నరకు కాస్త పైన. ఆనాటి నాసి పెట్రోలు కోసం అంత తక్కువ పెట్టారు. నేటి పెట్రోలు అంతకన్నా మేలైనది కనుక కొద్దిగా పెంచినా ఇంజను కొట్టుకోదు. అయితే పెరిగిన దెబ్బ తినేది మళ్లీ ఆ వైట్ మెటలే. పాత హెడ్డు వంకర తీయడానికి ఎంత అవసరమో అంత చెక్కి ఆపడం మంచిది. చెక్కించే ముందు వాల్వుల నడుమ పగుళ్లు వున్నాయేమో పరీక్ష చేయించాలి.

ఇంజను మార్చేస్తే?

మరీ బలం కావాలనుకునేవారికి 1954 తర్వాతి 235 ఇంజనును మొత్తంగా ఎక్కించడం సరైన దారి అని అనుభవజ్ఞులు చెబుతారు. అదే జాతి కనుక చాలావరకు ఇముడుతుంది. అమెరికాలో ఈ మార్పు ఎందరో చేసుకున్నారు. 1956లో వచ్చిన వాటికి 140 హార్సు పవరు వుంది. కాని పూర్తిగా ఉన్నపళంగా కూర్చోదు. 1955 నుంచి వచ్చిన వాటికి ముందువైపు పలక, వాటరు పంపు సర్దవలసి వుంటుంది. ఆ ఏటి నుంచి కార్లు పన్నెండు ఓల్టులకు మారాయి గనుక ఫ్లైవీలు పళ్లు, సెల్ఫు మోటారు కూడా చూసుకోవాలి. మన దేశంలో అలాంటి ఇంజను దొరకడం అరుదు. తెప్పించుకుంటే ఓడ కిరాయి, సుంకం కలిపి కారు విలువనే మించవచ్చు.

డీజిలు ఇంజను బిగించడం మనవాళ్లకు తెలిసిన మూడో దారి. 1973 తర్వాత పెట్రోలు ధర మండిపోయినప్పుడు ఎన్నో పాత కార్ల గుండెలు అలా మారిపోయాయి. బాడుగకు తిప్పుకునే వారికి అది బతుకుతెరువు, తప్పు పట్టనక్కరలేదు. కాని ఈనాడు పాత కారును అపురూపంగా చూసుకునే ఇంటికి అది తగదు. ఆరు సిలిండర్ల మెత్తని నడక పోయాక ఇంక మిగిలేది రేకుల డొక్కే.

చట్టం చూడకుండా చేయి వేయవద్దు

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కేంద్ర ప్రభుత్వం 2021లో పాత వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషను నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి యాభై ఏళ్లు దాటిన, సొంతానికి వాడుకునే కార్లు, ద్విచక్ర వాహనాలు వీటి కిందికి వస్తాయి. నంబరులో ‘వి.ఎ.’ అనే అక్షరాలు వుంటాయి. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. తర్వాత తిరిగి చేయించుకోవడానికి 5,000 రూపాయలు.

ఇందులో మెలిక ఏమంటే, బండి చాసీలో గాని, బాడీలో గాని, ఇంజనులో గాని పెద్ద మార్పులు జరిగి వుండకూడదు. బలం కోసం ఇంజనును పూర్తిగా మార్చుకున్నవారు ఈ హోదాకు దూరమయ్యే ప్రమాదం వుంది. అలాగే ఈ రిజిస్ట్రేషను వున్న బండిని రోజువారీ పనులకు, బాడుగలకు తిప్పరాదు. ప్రదర్శనలకు, పాత కార్ల ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి మాత్రమే రోడ్డెక్కాలి. పెళ్లికి వాడదలచినవారు ఇది గమనించాలి. మామూలు రిజిస్ట్రేషనులోనే కొనసాగించేవారు ఇంజను మార్చదలిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రవాణా అధికారి అనుమతి తీసుకుని సి. పుస్తకంలో ఎక్కించుకోవాలి. కాబట్టి రెంచి పట్టకముందే రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం ఉత్తమం.

వెనక గేరు చేసే మేలు

తెనాలి మేస్త్రీ సూచించిన మార్పు ఇంజనులో కాదు, వెనక ఇరుసులో. మామూలు గేర్లున్న 1951 షెవర్లే వెనక గేరు నిష్పత్తి 4.11. అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజను నాలుగు చుట్లకు పైన తిరగాలి. ఎత్తులు ఎక్కడానికి, బరువులు లాగడానికి అది అవసరం. అదే కాలపు పవర్‌గ్లయిడు కార్లకు 3.55 వేశారు. ఆ పళ్లచక్రాల జత ఈ ఇరుసులో ఇముడుతుంది.

లెక్క చూస్తే, గంటకు 80 కిలోమీటర్ల వేగంలో పాత గేరుతో ఇంజను నిమిషానికి దాదాపు 2,450 చుట్లు తిరుగుతుంది. కొత్త గేరుతో దాదాపు 2,120. నూటికి పద్నాలుగు తగ్గింది. కాని బరువైన ఇనప పిస్టన్లు రాడ్డును లాగే లాగుడు చుట్ల వర్గాన్ని బట్టి వుంటుంది. అందువల్ల బేరింగు మీద ఆ భారం నాలుగో వంతు తగ్గుతుంది. హార్సు పవరు ఒక్కటి కూడా పెరగకుండానే కారు హైవే మీద సుఖంగా పోవడానికి ఇంతకు మించిన ఉపాయం కనబడదు. చట్టం దృష్టిలో ఇంజను అలాగే వుంటుంది. రవాణా కార్యాలయంలో దీన్ని గురించి కూడా ఒక మాట అడగడం నయం.

నష్టం లేకపోలేదు. లాగుడు కాస్త తగ్గుతుంది. డెల్టా చదును నేలలో అది తెలియదు గాని కోటప్పకొండ ఘాటు రోడ్డులో ఒక గేరు కిందికి దించవలసి వస్తుంది. స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపుతుంది.

ఇక బ్రేకుల మాట. బలం గురించి గంటల తరబడి మాట్లాడేవారు దీన్ని ఎత్తడమే లేదు. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ఆయిలు గొట్టం ఒకచోట తెగితే నాలుగూ ఒకేసారి పోతాయి. రబ్బరు వాషర్లు, గొట్టాలు అన్నీ కొత్తవి వేయకుండా అలాంటి కారును జాతీయ రహదారి మీదికి తేవడం నేరం వంటిదే.

పెట్రోలులోనూ మార్పు వచ్చింది. ఇప్పుడు బంకుల్లో పోసేదానిలో నూటికి ఇరవై పాళ్ల దాకా ఇథనాలు కలుస్తున్నది. పాత పంపు రబ్బరు పొరలను, కార్బురేటరు లోపలి వాషర్లను అది ఉబ్బించి పాడు చేస్తుంది. తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని కారు ట్యాంకులో దాన్ని నిలవ వుంచరాదు. వేసవిలో గొట్టంలోనే పెట్రోలు ఆవిరై బండి ఆగిపోవడం ఈ కార్లకు పాత జబ్బే. అమెరికాలో గొట్టానికి బట్టల కొయ్య క్లిప్పులు తగిలించేవారు. మన డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ చుడతారు. తడిగుడ్డే మేలు.

ఒప్పందం

చివరికి ఆ ఇంట కుదిరిన ఒప్పందం ప్రకారం ఇంజనుకు కొత్త బలమేమీ ఎక్కించడం లేదు. మానిఫోల్డు, చీలిక గొట్టాల కోసం మనుమడు దాచిన డబ్బు వెనక గేరుకూ, బ్రేకులకూ మళ్లింది. హెడ్డు విజయవాడ ఆటోనగర్‌లో పగుళ్ల పరీక్షకు వెళ్లింది. పగుళ్లు లేవని తేలింది. వాల్వు సీట్ల పని నడుస్తున్నది. ఆయిలు గొట్టాలు ఆరింటి గురినీ మేస్త్రీ ఒక్కొక్కటే సరిచూస్తున్నాడు.

మిగిలింది షిమ్ములు అయిపోయిన రెండు రాడ్లు. వాటికి వైట్ మెటల్ పోయగల మనిషి కోసం మేస్త్రీ రెండు జిల్లాలు వాకబు చేశాడు. ఆ పని తెలిసినవారు వేళ్ల మీద లెక్కించేంత మంది కూడా లేరు. పోయడం తానే పోస్తాననీ, చెక్కడానికి నిదానంగా లేతు తిప్పే చేయి కావాలనీ అన్నాడు. ఆయన ముంత మూసలు, పాత గరిటె ఇంట్లో అటక మీద నుంచి దించి పెట్టుకున్నాడు. లోహం పోసే రోజున దగ్గర వుండి చూడడానికి సెలవు పెట్టి వస్తానని పెళ్లికొడుకు హైదరాబాదు నుంచి కబురు చేశాడు.

“వస్తే చూడడం కాదు బాబూ, కొలిమి దగ్గర నిలబడాలి” అని మేస్త్రీ జవాబు పంపాడు.